కొమ్మ రంగు దారం

ఫోన్‌లో ఉన్న ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాను. మామిడిపూత మీద కూర్చున్న పిచ్చుక కాలి దగ్గర సన్నటి గీత ఒకటి కనబడింది. వంటింటి కిటికీ తెరిచే ఉంది. పెరటి చెట్టు పూతవాసన, ఆ పులుపూ తీపీ కలిసిన వగరు వాసన, పొయ్యి మీది పాల వాసనతో కలిసి గదంతా నిండి ఉంది. పాలు పొంగి ఒలికిపోతున్నా నేను ఆ గీతనే చూస్తూ నిలబడ్డాను.

వసంతం తొలి గుర్తులను ఫోటోలు తీసి పంపమని మా అమ్మాయి నిత్య క్లాసులో చెప్పారట. దానికి తొమ్మిదేళ్లు. పోయిన ఆదివారం దాన్నీ, దాని ఆరేళ్ల తమ్ముణ్నీ తీసుకొని హనుమకొండ నుంచి బయటికి వెళ్లాను. దారి పక్కన ఆకు రాల్చిన చెట్లూ, ఒకటీ అరా మోదుగుపూలూ, ఒక చెరువు ఒడ్డున వరుసగా నిలబడ్డ కొంగలూ కనిపించాయి. నీళ్ల దగ్గర ఉన్నంతసేపూ ఇద్దరి మణికట్లూ పట్టుకునే నడిచాను. నేను భయస్తురాలినని వాళ్లకు తెలుసు, దానికి నవ్వుకుంటారు కూడా. ఇంటికొచ్చి చూసుకుంటే ఫోటోలన్నీ మసకగా ఉన్నాయి. "అన్నీ ఊగినయ్ అమ్మా, ఒక్కటి కూడా నిలవడలే," అని నిత్య మూతి ముడుచుకుంది.

ట్యూషన్‌కు పోయేముందు పెరట్లో నిత్య తీసిన ఈ ఫోటో మాత్రం ఊగలేదు. పిచ్చుక ఈక ఈకా కనబడుతోంది. నేను గీత అనుకున్నది దారం. అది ఎర్రగానో తెల్లగానో ఉండి ఉంటే పిల్లచేష్ట అనుకొని కోప్పడి ఊరుకునేదాన్ని. అది సరిగ్గా మామిడి కొమ్మ రంగులో ఉంది. పిట్ట కాలికి కొమ్మ రంగు దారమే కట్టాలని తెలిసినవాళ్లు నాకు తెలిసి ఇద్దరే ఇద్దరు. ఒకరు చనిపోయారు. రెండో మనిషి మా అమ్మ. ఆమె అప్పుడు ముందుగదిలో కాళ్లు బారజాపుకొని సీరియల్ చూస్తోంది.

పెరట్లోకి పరుగెత్తాను. అక్కడ చూసింది తర్వాత చెబుతాను. ఆ దారం ఎక్కడ మొదలైందో ముందు చెప్పాలి.

నాకు బాపు గుర్తులేడు. ఆయన పోయాక అమ్మా నేనూ పెద్దబాపు ఇంట్లో, అంటే మా నాన్న అన్నగారి ఇంట్లో, బజారులోని ఆయన ఫోటో స్టూడియో పైనున్న గదిలో ఉండేవాళ్లం. కింద చీకటిగది నుంచి మందునీళ్ల ఘాటు వాసన మెట్లెక్కి వచ్చి మా దుప్పట్లకూ, అమ్మ కొంగుకూ, ఆఖరికి అన్నానికీ పట్టేది. తడి ఫోటోలు బట్టల్లాగా తాడు మీద క్లిప్పులకు వేలాడేవి. స్టూడియో వెనక గోడకు సముద్రం గీసిన పెద్ద తెర ఒకటి ఉండేది, నీలి నీళ్లు, వంగిన కొబ్బరిచెట్లు, దూరంగా ఒక తెరచాప పడవ. తొర్రూరు వైపు నుంచి పత్తి అమ్ముకోను వచ్చిన కుటుంబాలు, కొత్త బట్టల మడతలు కూడా విప్పకముందే ఆ సముద్రం ముందు బిగుసుకొని నిలబడేవి. వాళ్లలో సముద్రం చూసినవాళ్లెవరూ ఉండరు. మేమూ చూడలేదు.

శివరాత్రి వెళ్లిందంటే మా ఇంట్లో రంగు మారేది. ఉపవాసం నాటి ఉడికించిన కందగడ్డల, ఆ చిలగడదుంపల తీపి ఇంకా నోట్లో ఉండగానే, వెన్నెల రాత్రుల్లో వీధి పిల్లలం కర్రలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి జాజిరి ఆడేవాళ్లం. వడ్లో నూకలో బెల్లంముక్కో ఏది పెడితే అది కొంగుల్లో కట్టుకొని, చివరికి అరుగు మీద కూర్చొని పంచుకునేటప్పుడు కొట్టుకునేవాళ్లం. హోలీకి ముందురోజు మోదుగుపూలు పెద్ద గంజులో ఉడుకుతుంటే ఇల్లంతా పచ్చి ఆకు కాలిన వాసన వేసేది. ఆ నారింజరంగు నీళ్లు మర్నాడు ఎవరి మీద పోసినా ఉతికినా పోయేది కాదు. మోదుగు మొగ్గలను గోళ్లకు తొడుక్కొని చిలకముక్కులని ఒకరినొకరం పొడుచుకునేవాళ్లం. పూవు అడుగున ఉండే తేనెబొట్టును చప్పరించేవాళ్లం, దాంట్లో చీమ ఉంటే చీమతో సహా. ఆ తర్వాత ఉగాది, కొత్త కుండలో చింతపండు పులుసూ బెల్లమూ వేపపూతా కలిపిన పచ్చడి, గ్లాసుల కొద్దీ తాగేంత పలచగా.

ఆ ఉగాదికే పెద్దబాపు క్యాలెండర్. దేవుళ్ల బొమ్మలు ఎవరైనా వేస్తారు, ఆయన మాత్రం వసంతం బొమ్మ వేసేవాడు. పూత పట్టిన కొమ్మ మీద పిట్ట, మోదుగుపూవు మీద సీతాకోకచిలుక, ఏటికొకటి. కింద ఏ దుకాణం పేరు కావాలంటే ఆ పేరు అచ్చువేసి ఇచ్చేవాడు. బట్టల దుకాణాల వాళ్లూ, కిరాణా సేట్లూ, స్టీలు సామాన్ల వాళ్లూ పండుగ బేరానికి వచ్చినవాళ్లకు దాన్ని చుట్టచుట్టి చేతిలో పెట్టేవారు. అందుకని పూత కనబడటం మొదలవగానే ఆయన కెమెరా సంచికి కుంకుమబొట్టు పెట్టి, మెడకు చేతిరుమాలు కట్టుకొని, బుగ్గన వక్క పెట్టుకొని బయలుదేరేవాడు. వెంట అమ్మా నేనూ. ఎక్కువగా పాలంపేట చెరువుకే. ఊళ్లో తెలిసిన ఒక రైతు ఇంట్లో రాత్రి పడుకొని, తెల్లవారుజామున నీళ్ల ఒడ్డుకు చేరేవాళ్లం.

పెద్దబాపు కోపిష్టి కాదు. ఎవరి మీదా చెయ్యెత్తినట్టు నేను చూడలేదు. మాటకూడా మెల్లగానే ఉండేది. పిట్టలు అమ్మేవాడి దగ్గర బుట్టలో కుక్కిన చిలకల్లో ఒకదాన్ని ఎంచేటప్పుడు దాని ముక్కు కింద వేలితో నిమిరేవాడు. సీతాకోకచిలుకలను మాత్రం వెడల్పు మూతి ఫ్లాస్కులో మంచుముక్కల మీద గుడ్డ పరిచి, దాని మీద పడుకోబెట్టేవాడు. చలికి అవి కదల్లేకుండా అయ్యాక పూవు మీద రెక్కలు విప్పి కూర్చోబెట్టేవాడు. ఎండకు ఒళ్లు వేడెక్కి అవి తేరుకునేలోపు బొమ్మ తీయడం అయిపోయేది. కొన్ని తేరుకునేవి కావు. వాటిని నాకిచ్చేవాడు. నేను పుస్తకంలో పెట్టుకొని మురిసిపోయేదాన్ని.

చిలకలను కొమ్మకు కట్టే పని అమ్మది. కాశిబుగ్గలో నేత పనివాళ్ల ఇళ్లకు వెళ్లి మగ్గం దగ్గర మిగిలిన పోగులు తెచ్చి, రంగు రంగుకూ వేరుగా కాగితం ముక్కలకు చుట్టి రేకు డబ్బాలో దాచేది. చెరువు ఒడ్డుకు చేరగానే ముందు కొమ్మ బెరడు గోటితో గీకి, పోగులు ఒక్కొక్కటీ దాని పక్కన పెట్టి చూసేది. ఎర్రటి పూల మధ్య పచ్చటి చిలక కదా, పచ్చ దారం కట్టొచ్చు గదా అని నేను ఒకసారి అడిగాను.

"దారం పిట్ట రంగుది కాదే, కొమ్మ రంగుది ఉండాలె," అంది అమ్మ, ముడి పళ్లతో బిగిస్తూ. "పిట్టనైతే అందరు చూస్తరు. కొమ్మనెవ్వలు చూస్తరు?"

ఆ ముడి ఎంత సన్నగా ఉండేదంటే, పెద్దబాపు భూతద్దంతో వెతికి కూడా కనబడటం లేదని మెచ్చుకునేవాడు. బాపు పోయాక అమ్మను ఎవరైనా మెచ్చుకోవడం నేను విన్నది అప్పుడే. ఆమె ముఖం వెలిగిపోయేది. పని అయ్యాక దారాన్ని కొమ్మ దగ్గర పుటుక్కున తెంపేది. పిట్ట ఎగిరిపోయేది, కాలికి ముడీ, వెనక జానెడు పోగూ వేలాడుతూ. నేను చప్పట్లు కొట్టేదాన్ని. మరుసటి ఏడు అదే ఒడ్డున మొగ్గలు ఏరుకుంటూ ఒక తుమ్మచెట్టు కిందికి వెళ్లాను. ముళ్లకు చిక్కుకొని, తలకిందులుగా, ఎండిపోయిన చిన్న ఎముకల గూడొకటి గాలికి గిరగిరా తిరుగుతోంది. పైన దారం ఉంది. ఎండకు కూడా రంగు పోలేదు, నేతవాళ్ల పోగు మరి. పరుగెత్తుకొచ్చి అమ్మకు చెబితే, "ముట్టుకోలేదు గద? చేతులు కడుక్కో పో," అంది.

ఆ ఏడాదే సముద్రం గొడవ వచ్చింది. బట్టల దుకాణం సేటు ఒకాయన, "ఎప్పుడు పూలే, పిట్టలే. జనాలకు యాష్టకొచ్చింది. ఈసారి సముద్రం ఒడ్డు పెట్టు," అన్నాడట. తెర మీది సముద్రం పనికిరాదు, అది అందరికీ తెలిసిందే. సముద్రం దాకా పోదామంటే పండుగ దగ్గరపడింది. పెద్దబాపు రెండు రోజులు వక్క నములుతూ ఆలోచించి, "చెరువునే సముద్రం చేస్త," అన్నాడు. ఫాల్గుణంలో పొద్దున్నే చెరువు మీద మంచు కమ్ముకుంటుంది. అవతలి గుట్టలు మాయమై నీళ్లకు అంతు కనబడదు. నీళ్లు తగ్గిన చోట బూడిదరంగు ఒడ్డు ఇసుకలాగే ఉంటుంది. పైన మోదుగుకొమ్మ, కింద నీళ్ల అంచున ఒక పిల్ల, చేతిలో శంఖం. ఆ పిల్లను నేనే. శంఖం పూజగది నుంచి తెచ్చారు.

ముందురోజు రాత్రి రైతు ఇంట్లో అన్నాలు తింటున్నప్పుడు ఆ రైతు చెప్పనే చెప్పాడు. "జర పైలం అన్నా. నీళ్లు దిగిన కాడ పైన ఎండినట్టే ఉంటది, కింద అంత ఒండ్రు. మొన్న మా బర్రె దిగవడితె తాళ్లేసి గుంజినం."

"బర్రెంత బరువుంటదా మా పిల్ల?" అన్నాడు పెద్దబాపు.

అందరూ నవ్వారు. అమ్మ నవ్వింది. నేనైతే అన్నం మెతుకులు ముక్కులోకి పోయేంతగా నవ్వాను.

తెల్లవారింది. కొత్త పరికిణీ, కాళ్లకు వెండి పట్టీలు, జడలో మోదుగుపూలు. నీళ్ల అంచున నేను నిలబడ్డ చోట మట్టి మొదట అప్పడంలా కరకరలాడింది. తర్వాత మెత్తబడింది. చల్లటి ఒండ్రు వేళ్ల సందుల్లోంచి పైకి వచ్చింది. మొదట్లో అది హాయిగానే ఉంది. చీలమండలు మునిగాయి. పిక్కలు మునిగాయి. కాలు ఎత్తబోతే అది రాలేదు, రెండో కాలు ఇంకాస్త దిగింది. అమ్మ నా పక్కనే, వెలుతురు నా ముఖం మీద పడేలా తెల్ల దుప్పటి పట్టుకొని నిలబడి ఉంది. ఆమె నిలబడ్డది రాయి మీద.

"అమ్మా, దిగవడ్తాన."

"కదిలితే నీళ్లు కదుల్తయ్, బొమ్మ ఖరాబైతది," అన్నాడు పెద్దబాపు ఎప్పటిలాగే మెల్లగా, కెమెరా వెనక నుంచి.

"అమ్మా!"

అమ్మ ఒకసారి నా కాళ్ల వైపు చూసింది. ఒకసారి ఆయన వైపు చూసింది. "జర సేపే బిడ్డా. కదలకు," అంది. దుప్పటి ఇంకొంచెం పైకి పట్టుకుంది.

ఒండ్రు మోకాళ్లు దాటింది. అది చెయ్యిలా పట్టుకొని లాగుతుందని అంతకుముందు ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. తియ్యమని మళ్లీ అమ్మను పిలిచాను. కళ్లు పెద్దవయ్యాయి. "గట్లనే! గట్లనే చూడు!" అని పెద్దబాపు మొదటిసారి గొంతు పెంచాడు, సంతోషంతో. క్లిక్కు, మళ్లీ క్లిక్కు. పొద్దు పొడిచి, మంచు విడిపోయి, అవతలి గుట్టలు బయటపడ్డాకే ఆయన కెమెరాకు మూత పెట్టాడు. అప్పుడు ఇద్దరూ చెరో రెక్కా పట్టి గుంజారు. చప్పుడుతో బయటికొచ్చాను. ఒడ్డున కూలబడి వణుకుతుంటే అమ్మ నా కాళ్లు కడిగింది, కడుగుతూ కడుగుతూ ఆగి, చెంప మీద ఫెడీమని కొట్టింది. "పట్టీ ఏదే? ఒక్కటే ఉంది, రెండోది ఏడ పడగొట్టుకున్నవే?"

ఆ క్యాలెండర్‌కు వచ్చినంత పేరు మరి దేనికీ రాలేదు. ఆ పిల్ల మొదటిసారి సముద్రాన్ని చూసి ఎంత ఆశ్చర్యపోతోందో చూడండి అని ఒకరికొకరు చూపించుకున్నారు. ఏ దుకాణం ముందు నుంచి బడికి పోయినా లోపలి గోడ మీద నుంచి నేనే కళ్లు పెద్దవి చేసుకొని నన్ను చూసేదాన్ని. నాకు సముద్రం పోరి అని పేరు పడింది. "ఏమే సముద్రం పోరీ, నీళ్లు ఉప్పగున్నయా?" అని స్టీలు సామాన్ల సేటు గల్లా దగ్గర నుంచే కేకేసేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. ఉప్పగానే ఉన్నాయని చెప్పమని అమ్మ నేర్పింది. ఉప్పగానే ఉన్నాయని చెప్పేదాన్ని. ఒక పంచదార బిళ్ల దొరికేది.

ఇప్పుడు ఆ స్టూడియో లేదు, అక్కడ సెల్‌ఫోన్లకు అద్దాలు అతికించే దుకాణం ఉంది. పెద్దబాపు నిద్రలోనే పోయాడు. పిట్టలమ్మేవాడు లేడు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దారి పొడవునా మోదుగులు పోయాయి. పిల్లలు జాజిరి అంటే ఏమిటని అడుగుతారు. దుకాణాల వాళ్లు ఉగాది శుభాకాంక్షలు ఫోన్లకే పంపుతున్నారు. అన్నీ పోయాయి, అమ్మ వేళ్లలో ఆ ముడి మాత్రం పోలేదు. ఆ క్యాలెండర్ బొమ్మ కూడా. దాన్ని ఫ్రేము కట్టించి, పోయిన ఏడు మా ఇంట్లో ఉండటానికి వచ్చినప్పుడు తెచ్చి ముందుగదిలో తగిలించింది. పిల్లలు దాన్ని అమ్మ సముద్రం ఫోటో అంటారు. మమ్మల్నెప్పుడు తీసుకుపోతవ్ సముద్రానికి అని అడుగుతారు. నేను ఎండలు తగ్గనివ్వండి అంటాను.

ఫోటో చూసి నేను పరుగెత్తి వెళ్లేసరికి పెరట్లో పిచ్చుక తలకిందులుగా వేలాడుతోంది. కాలు ముడి దగ్గర వెనక్కి తిరిగిపోయి ఉంది. కత్తెరతో దారం తెంపి చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంది, గుండె నా వేళ్ల మీద కొట్టుకుంటోంది. అట్టపెట్టెలో గుడ్డ పరిచి పెట్టాను, మూతతో నీళ్లు పట్టాను. దీపం పెట్టే వేళకు కొట్టుకోవడం ఆగిపోయింది.

అమ్మ దాపరికమేమీ చెయ్యలేదు. గంప కింద నూకలు చల్లి పిట్టను పట్టింది ఆమే, దారం కట్టింది ఆమే. "పోరి ఫోటోలు ఊగుతున్నయని ఏడుస్తాంది. మీ పెద్దబాపు ఎట్ల తీసేటోడో చూపిచ్చిన. ఇడిసిపెడ్దమనే అనుకున్నం, గంతల్నె సీరియల్ అచ్చె," అంది.

"చచ్చిపోయింది అమ్మా."

"పిట్ట గద. జర సేపే ఉంచుమన్న, గది గింజుకుంటె నేనేం చేద్దు?"

ట్యూషన్ నుంచి వచ్చిన నిత్య పెట్టెలోకి తొంగిచూసింది. ఏడుస్తుందనుకున్నాను. కాసేపు చూసి, "ఫోటో అయితే పంపొచ్చు గదా అమ్మా? మళ్లా ఇంత క్లియర్‌గ రాదు," అంది. దాని గొంతు ఎంత మెత్తగా ఉందో. కెమెరా వెనక నుంచి వచ్చే ఆ మెత్తటి గొంతు నేను మరిచిపోయాననుకున్నాను. నా ఫోన్‌లోంచి ఆ ఫోటో తీసేశాను. అప్పుడు ఏడ్చింది, ఫోటో కోసం.

రాత్రంతా పిల్లల పక్కన మేలుకొనే ఉన్నాను. అమ్మకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు, నేను తప్ప ఎవరూ లేరు. ఆ రోజు ఆయన మాట కాదంటే మాకు తలదాచుకోను ఇల్లు లేదని నాకు తెలుసు. ఇన్నేళ్లూ అది తెలుసు కాబట్టే ఊరుకున్నాను. కానీ నా బిడ్డకు ఇల్లుంది. దానికి ఆ ముడితో పనేమిటి? ఆమెను కాపాడాలా, వీళ్లనా అని అటూ ఇటూ దొర్లాను.

పొద్దున్నే అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చొని జొన్నరొట్టెలు చరుస్తోంది. పిల్లలు బడి బట్టల్లో బల్ల దగ్గర పళ్లేల ముందు కూర్చున్నారు. గోడ మీది ఫ్రేము దించి, తుడిచి, పళ్లేల పక్కన పెట్టాను.

"ఇది సముద్రం కాదు. పాలంపేట చెరువు. నేను ఇప్పటిదాకా సముద్రమే చూడలే," అన్నాను.

రొట్టె చప్పుడు కొంచెం నెమ్మదించింది.

"అబద్ధం," అన్నాడు చిన్నవాడు. "మరి గంత ఖుషీగ చూస్తున్నవ్?"

"ఖుషీ కాదురా. కాళ్లు బురదల దిగవడ్తాంటే కండ్లు గట్లనే అయితయ్. తియ్యమని ఏడ్సిన. కదలకు, జర సేపే అన్నరు. నిన్న పిచ్చుకతోని అన్నట్టే."

నిత్య ఫోటోను దగ్గరికి లాక్కుంది. నిన్న పిట్టను నేను చూసినట్టే, ముఖాన్నీ నీళ్లనూ కొమ్మనూ ఒక్కొక్కటే వెతికింది. పరికిణీ అంచు కింద నీళ్లలో కాళ్లు లేవని అప్పుడు చూసినట్టుంది. వేలు అక్కడే ఆగిపోయింది.

"నువ్వు ఏడుస్తాంటే మరి అమ్మమ్మ ఏడున్నది?"

రొట్టె చప్పుడు ఆగిపోయింది. అమ్మ తల ఎత్తలేదు. పిండి అంటిన చేతులు పీట మీద అట్లాగే ఉన్నాయి. పెనం మీది రొట్టె మాడుతున్న వాసన వచ్చింది.

"ఇక్కడనే ఉన్నది బిడ్డా," అని ఫ్రేము అంచు పక్కన, ఖాళీ బల్ల మీద వేలు పెట్టి చూపించాను. "ఫోటోల పడలేదు గని, చెయ్యి చాపితే అందేంత దూరంల."